వింగ్‌సూట్‌కి రిజర్వ్: ఆర్‌ఎస్‌ఎల్ సరిపోతుందా, మార్డ్ కావాలా?

మీ ప్రశ్నని కుదించి చెప్తే ఇదీ. స్కైడైవింగ్‌లో 200 జంప్‌లు దాటాయి, వింగ్‌సూట్ (చేతుల, కాళ్ల మధ్య బట్ట రెక్కలున్న సూట్) ఫస్ట్ ఫ్లైట్ కోర్సుకి సిద్ధమవుతున్నారు. వాడిన రిగ్ (మెయిన్, రిజర్వ్ అనే రెండు పారాచూట్లనీ మోసే సంచీ) ఒకటి చవకగా దొరుకుతోంది కానీ దానికి మామూలు ఆర్‌ఎస్‌ఎల్ మాత్రమే ఉంది, అంటే మెయిన్‌ని వదిలేస్తే అత్యవసర పారాచూట్ అయిన రిజర్వ్‌ని తెరిచే పట్టీ. మార్డ్ (వదిలేసిన మెయిన్‌తోనే రిజర్వ్‌ని బయటికి లాగించే ఏర్పాటు) ఉన్న రిగ్ కావాలంటే ఇంకా బాగా డబ్బు పెట్టాలి. ఇది చాలదన్నట్టు డ్రాప్‌జోన్‌లో (జంప్‌లు చేసే మైదానంలో) ఒక సీనియర్ "వింగ్‌సూట్‌లో ఆర్‌ఎస్‌ఎల్ ఊడదీసెయ్, కటవే చేశాక స్టేబుల్ అయ్యి అప్పుడు రిజర్వ్ లాగాలి" అన్నారు. కటవే అంటే చెడిపోయిన మెయిన్‌ని వదిలించుకోవడం, స్టేబుల్ అంటే దొర్లకుండా నిలకడగా పడటం.

నా జవాబు: మార్డ్ ఉన్న రిగ్ కొనండి, ఆ లాన్యార్డ్‌ని (లాగే పట్టీని) ఎవరు చెప్పినా ఊడదీయకండి. అయితే వింగ్‌సూట్ వాళ్లు ఎక్కువగా భయపడే ఒక రకం మాల్‌ఫంక్షన్‌లో, అంటే పారాచూట్ సరిగా తెరుచుకోని సందర్భంలో, మార్డ్ పైసా సాయం చేయదు. కాబట్టి మార్డ్ కొన్నాం కదా అని మిగతావాటిని గాలికి వదిలేస్తే కుదరదు. ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తేలిపోతుంది.

ముందు పని తీరు. ఆర్‌ఎస్‌ఎల్ అంటే ఒక మెయిన్ రైజర్‌కి (పారాచూట్‌ని భుజానికి కలిపే పట్టీకి) షాకిల్‌తో (విప్పగల బిగింపుతో) తగిలించి, రెండో కొసని రిజర్వ్‌ని మూసి ఉంచే పిన్ దాకా తీసుకెళ్లిన పట్టీ. మీరు కటవే చేస్తే వెళ్లిపోతున్న రైజర్ ఆ పట్టీని లాగుతుంది, పిన్ ఊడుతుంది, స్ప్రింగ్ ఉన్న రిజర్వ్ పైలట్ చూట్ (గాలి పట్టి పెద్దదాన్ని బయటికి లాగే చిన్న పారాచూట్) ఎగురుతుంది. ఆర్‌ఎస్‌ఎల్ పని అక్కడితో సరి. పైలట్ చూట్ గాలి పట్టుకుని, బ్రైడల్ (దాని పట్టీ) సాగి, ఫ్రీబ్యాగ్ (రిజర్వ్ మడిచి పెట్టిన సంచీ) బయటికి రావడమంతా మామూలు పద్ధతిలోనే జరగాలి.

మార్డ్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. పిన్ లాగిన తర్వాత అదే లాన్యార్డ్ రిజర్వ్ బ్రైడల్‌కి తగులుకుని ఉంటుంది కాబట్టి, వెళ్లిపోతున్న మెయినే పెద్ద పైలట్ చూట్‌లా పనిచేసి ఫ్రీబ్యాగ్‌ని లాగేస్తుంది. యూపీటీ కంపెనీ వెక్టర్ 3 రిగ్‌లో బిల్ బూత్ తెచ్చిన స్కైహుక్ బాగా ప్రచారంలో ఉంది. సన్‌పాత్ జావెలిన్‌లో లైసెన్స్ మీద అదే వాడారు. మిరాజ్ వాళ్లది ట్రాప్, రిగ్గింగ్ ఇన్నోవేషన్స్ వాళ్లది రాక్స్. రూపాలు వేరు, సూత్రం ఒకటే: మెయినూ, రిజర్వ్ పైలట్ చూటూ రెండూ లాగుతుంటే ఏది ముందు లాగితే దాని పని అవుతుంది, రెండోది వదిలేస్తుంది. మెయిన్ అసలు బయటికే రాకపోతే, పైలట్ చూట్ బ్రైడల్‌ని లాగగానే కొక్కెం లాన్యార్డ్‌ని విడిచిపెట్టాలి. ఈ వదిలేయడం ఎంత ముఖ్యమో చివర్లో టెస్ట్ గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తాను.

వింగ్‌సూట్‌లో ఇది ఎందుకంత ముఖ్యం? మామూలు జంపర్ వెనక బర్బుల్ (శుభ్రమైన గాలి తగలని సుడి ప్రాంతం) వీపు వెడల్పున ఉంటుంది. వింగ్‌సూట్ వేసుకున్న మనిషి వెనక అది సూటంత ఉంటుంది. కటవే చేసిన మొదటి సెకనులో మీరు దాదాపు నిలువుగా, కాళ్లు కిందికి ఉండి పడుతుంటారు, వీపు వెనక గాలి శుభ్రంగా ఉంటుంది. ఇంకో సెకను గడిస్తే చేతుల, కాళ్ల మధ్య బట్టలోకి గాలి ఎక్కి సూట్ మళ్లీ ఎగరడం మొదలుపెడుతుంది, అదీ చాలాసార్లు ఒక పక్కకి ఒరిగి. ఆ సమయంలో స్ప్రింగ్ పైలట్ చూట్‌ని వదిలితే అది నేరుగా బర్బుల్‌లోకి దూకి వీపు మీద తచ్చాడే అవకాశం ఉంది. మార్డ్ ఉంటే మీరు ఇంకా నిలువుగా ఉన్నప్పుడే, సూట్ ఉబ్బకముందే, బ్యాగ్ మెయిన్ వెంట పైకి వెళ్లిపోతుంది.

"ముందు స్టేబుల్ అవ్వు" అనే సలహాలోని లోపం కూడా ఇక్కడే ఉంది. సూట్‌లో స్టేబుల్ అవ్వడం అంటే రెక్కలు తెరవడం, రెక్కలు తెరిస్తే బర్బుల్ పెద్దదవుతుంది. ఎత్తు లెక్క కూడా చూడండి. తిరుగుతున్న మెయిన్ కింద సెకనుకి 15 మీటర్ల చొప్పున దిగుతున్నారనుకుందాం. కటవే చేసి 2 సెకన్లు ఆగితే, గాలి నిరోధం వదిలేసి లెక్కిస్తే, దాదాపు 50 మీటర్లు, అంటే 160 అడుగులు పోయాయి. 4 సెకన్లు ఆగితే 138 మీటర్లు, 450 అడుగులు. అప్పుడు మొదలవుతుంది రిజర్వ్ తెరుచుకోవడం. దానికి అమెరికా టీఎస్‌ఓ ప్రమాణం ఇచ్చే గడువు రమారమి 3 సెకన్లు. కళ్లు తిరుగుతుండగా, చేతికి రెక్క ఉండగా 4 సెకన్లు ఎలా గడిచాయో తెలియదు.

ఆ సీనియర్ మాటలో నిజం బొత్తిగా లేదనను. తిప్పుతున్న మెయిన్ నుంచి ఆర్‌ఎస్‌ఎల్‌తో కానీ మార్డ్‌తో కానీ రిజర్వ్ వస్తే లైన్ ట్విస్ట్‌లు (తాళ్లలో మెలికలు) పడొచ్చు. కానీ రిజర్వ్ అంటే వెడల్పు తక్కువగా (తక్కువ యాస్పెక్ట్ రేషియో) ఉన్న 7 సెల్ (7 గాలి అరల) కానపీ (పారాచూట్ రెక్క). సరైన సైజులో ఉంటే ట్విస్ట్‌లున్నా నిటారుగా ఎగురుతుంది, విప్పుకునే సమయం దొరుకుతుంది. అసలు చిక్కు రిజర్వ్ మరీ చిన్నదైనప్పుడు వస్తుంది. కాబట్టి ట్విస్ట్‌ల భయానికి మందు రిజర్వ్ సైజు పెంచుకోవడం, లాన్యార్డ్ ఊడదీయడం కాదు.

సైజు లెక్క ఇలా వేసుకోండి. 75 కిలోల మనిషి, 10 కిలోల రిగ్, 4 కిలోల సూట్, హెల్మెట్ వగైరా 2 కిలోలు. మొత్తం 91 కిలోలు, అంటే 200 పౌండ్లు. 143 చదరపు అడుగుల రిజర్వ్ మీద లోడింగ్ (చదరపు అడుగుకి పౌండ్లు) 1.4, 160 మీద 1.25, 176 మీద 1.14. కొత్తగా వింగ్‌సూట్ ఎగిరేవాళ్లకి 176 వైపే నా మొగ్గు. రిజర్వ్ కింద దిగేటప్పుడు కాళ్ల జిప్ తీసి ఉండకపోవచ్చు, డ్రాప్‌జోన్‌కి దూరంగా తెలియని చోట దిగాల్సి రావచ్చు. సూట్ బరువు లెక్కలో కలపడం చాలామంది మర్చిపోతారు. లేబుల్ మీద రాసిన గరిష్ఠ బరువుని కూడా సూట్‌తో కలిపే పోల్చుకోవాలి.

ఇప్పుడు మార్డ్ పనికిరాని చోటు. వింగ్‌సూట్‌కి బాగా అంటిపెట్టుకున్న సమస్య పైలట్ చూట్ ఇన్ టో. మెయిన్ పైలట్ చూట్ విసిరారు, అది బర్బుల్‌లో ఊగుతోంది, పిన్ ఊడలేదు. మెయిన్ కంటైనర్‌లోనే ఉంది. ఇక్కడ లాగడానికి మెయినే లేదు కాబట్టి మార్డ్ లేనట్టే లెక్క. ఇంకో ప్రమాదకరమైన అపోహ కూడా ఉంది: కటవే హ్యాండిల్ లాగితే ఆర్‌ఎస్‌ఎల్ రిజర్వ్‌ని తెరిచేస్తుందిలే అనుకోవడం. రైజర్లు కవర్ల కింద కదలకుండా కూర్చుని ఉంటే ఆర్‌ఎస్‌ఎల్ దేన్నీ లాగదు. రిజర్వ్ హ్యాండిల్ మీ చేత్తో లాగాల్సిందే. ఇన్ టోలో నేరుగా రిజర్వ్ లాగాలా, ముందు కటవే చేసి వెంటనే రిజర్వ్ లాగాలా అన్నదాంట్లో యూఎస్‌పీఏ (అమెరికా స్కైడైవింగ్ సంఘం) రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది. ఏదో ఒకటి నేల మీదే తేల్చుకోండి, గాలిలో చర్చ పెట్టుకోవద్దు. రిజర్వ్ పైలట్ చూట్ తటపటాయిస్తున్నట్టు అనిపిస్తే రెక్కలు మూసేసి ఒక భుజం కిందికి దించి వెనక్కి చూడండి. ఆ ఒరుగుకి బర్బుల్ చెదిరి పైలట్ చూట్‌కి గాలి తగులుతుంది.

అందుకే ఇన్ టో రాకుండా చూసుకోవడానికి పెట్టే డబ్బు, మార్డ్‌కి పెట్టే డబ్బుతో సమానంగా విలువైనది. మెయిన్ బ్రైడల్ పిన్ నుంచి పైలట్ చూట్ దాకా కనీసం 8 అడుగులు, పెద్ద సూట్ అయితే 9 అంతకు మించి ఉండాలి. మామూలు రిగ్‌తో వచ్చే బ్రైడల్ పొట్టిది. పైలట్ చూట్ 28 అంగుళాలకి తగ్గకూడదు, పెద్ద సూట్లకి 30, 32 వాడతారు. కిల్ లైన్ (మెయిన్ తెరుచుకున్నాక పైలట్ చూట్‌ని ముడిచే తాడు) వాడకంలో కుదించుకుపోతే పైలట్ చూట్ పూర్తిగా విచ్చుకోదు. బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల సగమే పనిచేస్తుంది. మెయిన్ కూడా స్క్విరల్ ఎపిసీన్, పర్ఫార్మెన్స్ డిజైన్స్ హొరైజన్ లాంటి నెమ్మదైన 7 సెల్ అయితే ట్విస్ట్‌ల బెడద తగ్గుతుంది. చురుకైన 9 సెల్‌ని సూట్‌తో వాడుతూ రిజర్వ్ సిస్టమ్ గురించి చింతించేవాళ్లని చూస్తే, చిల్లు పూడ్చకుండా బకెట్టు మార్చినట్టు ఉంటుంది.

మార్డ్ పూడ్చలేని రెండో ఖాళీ ఏఏడీ, అంటే ఎత్తు, వేగం చూసి రిజర్వ్‌ని తనే తెరిచే పరికరం. సైప్రెస్ అనే ఏఏడీ ఎక్స్‌పర్ట్ మోడ్‌లో 225 మీటర్ల, అంటే 750 అడుగుల ఎత్తులో, నిలువు వేగం సెకనుకి 35 మీటర్లు దాటితేనే రిజర్వ్‌ని మూసి ఉంచే లూప్ కోస్తుంది. అంటే గంటకి 126 కిలోమీటర్లు. సూట్‌లో మీ నిలువు వేగం మామూలుగా గంటకి 60 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. అంటే స్పృహ తప్పి రెక్కలు తెరుచుకునే పడిపోతుంటే, మామూలు ఏఏడీ ఊరకే చూస్తూ కూర్చునే అవకాశం ఎక్కువ. అలాగని ఏఏడీ అక్కర్లేదనుకోకండి. దొర్లుతూ పడితే, ఢీకొని సూట్ చిరిగితే వేగం పెరుగుతుంది, అప్పుడు పనికొస్తుంది. సైప్రెస్ తయారుచేసే ఎయిర్‌టెక్ వాళ్లు వింగ్‌సూట్ కోసమే తక్కువ వేగానికి స్పందించే సైప్రెస్ తెచ్చారు. ఎక్కువ జంప్‌లు సూట్‌తోనే చేయబోతున్నారంటే అది చూడండి. సూట్ లేకుండా చిన్న కానపీతో వేగంగా దిగే అలవాటు కూడా ఉంటే, కొనేముందు ఆ యూనిట్ మాన్యువల్‌లో కానపీ కింద వేగానికి సంబంధించిన భాగం పూర్తిగా చదవండి.

హ్యాండిళ్లు. దీని గురించి ఎవరూ అడగరు, నేను మాత్రం ఎక్కువ చెప్తాను. సూట్‌కి రిగ్ తగిలించాక మెయిన్ లిఫ్ట్ వెబ్ (భుజం నుంచి కిందికి వచ్చే ముఖ్య పట్టీ) బట్ట కిందికి వెళ్తుంది, హ్యాండిళ్లు బట్టలోని కంత నుంచి బయటికి తొంగిచూస్తాయి. నేల మీద అద్దంలో చూస్తే అంతా బాగుంటుంది. గాలిలో సూట్ ఉబ్బితే అంచు బట్ట హ్యాండిల్ మీదికి మడతపడొచ్చు. మెత్తటి పిల్లో రిజర్వ్ హ్యాండిల్ అయితే గ్లవ్ వేసుకున్న చేతికి ఉబ్బిన సూట్‌కీ దానికీ తేడా తెలియదు. కటవేకి పిల్లో, రిజర్వ్‌కి లోహపు డీ రింగ్ ఉండాలన్నది నా పక్షం. బొటనవేలు దూరిందంటే పట్టు దొరికినట్టే, చూడకుండానే ఏది ఏదో తెలుస్తుంది. దేనికైనా తగులుకుంటుందన్న అభ్యంతరం మనుషులు హార్నెస్ పట్టుకుని ఎగిరే ఫార్మేషన్ వాళ్లకి ఎక్కువ వర్తిస్తుంది. చాలా పాత సూట్లకి చేతి రెక్కలు విడదీసే పసుపు కేబుల్ హ్యాండిళ్లు వేరుగా ఉండేవి. అలాంటి సూట్ ఊరికే ఇస్తామన్నా తీసుకోకండి, తొందరలో తప్పు హ్యాండిల్ లాగుతారు.

ఇంకో చిన్న భాగం: రైజర్లలో మిగులు కటవే కేబుల్ దూర్చే గట్టి హౌసింగ్‌లు. లైన్ ట్విస్ట్‌లు మెడ దాకా దిగితే రైజర్లు మెలికపడి, లోపలి పసుపు కేబుల్‌ని నొక్కిపెడతాయి. హౌసింగ్ లేకపోతే కటవే లాగడానికి రెండు చేతుల బలం కూడా చాలకపోవచ్చు. వింగ్‌సూట్ మాల్‌ఫంక్షన్లలో తిరిగే ట్విస్ట్‌లే ఎక్కువ కాబట్టి ఇవి తప్పనిసరి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. పసుపు కేబుళ్లని నెలకోసారి తుడిచి శుభ్రం చేయండి, అదే రోజు త్రీ రింగ్ (రైజర్‌ని పట్టి ఉంచే మూడు రింగుల బిగింపు) విప్పి వెబ్బింగ్‌ని అటూ ఇటూ వంచి మెత్తబరచండి.

కేబుల్ పొడవులు కూడా చూడాలి. ఆర్‌ఎస్‌ఎల్ ఉన్న వైపు రైజర్ చివర్లో విడవాలి, అందుకే ఆ వైపు కేబుల్ కాస్త పొడవు ఉంచుతారు. ఆ వైపు రైజర్ ముందే తెగినా విడినా, మెయిన్ ఇంకో రైజర్‌కి వేలాడుతుండగానే రిజర్వ్ వచ్చి రెండూ చుట్టుకుంటాయి. స్కైహుక్‌తో వచ్చే కాలిన్స్ లాన్యార్డ్ ఈ ప్రమాదం కోసమే: ఆర్‌ఎస్‌ఎల్ లాగబడగానే అవతలి రైజర్ కేబుల్‌ని కూడా అదే బయటికి లాగేస్తుంది. మీరు చూస్తున్న పాత రిగ్‌లో ఇలాంటి ఏర్పాటు ఉందో లేదో అడగండి.

ఆ పాత రిగ్ తీసుకుని తర్వాత మార్డ్ పెట్టించుకోవచ్చు కదా అంటారేమో. ఆర్‌ఎస్‌ఎల్ లేని కంటైనర్‌కి దాన్ని చేర్చడం చాలా రిగ్‌లకి తేలికే. మార్డ్ అలా కాదు. ఫ్రీబ్యాగ్, బ్రైడల్, లాన్యార్డ్ దారి అన్నీ ఆ కంటైనర్‌కి తగ్గట్టు ఉండాలి. తయారీదారు ఆ మోడల్‌కి, ఆ సంవత్సరానికి ఒప్పుకుంటేనే, వాళ్ల ద్వారానే జరగాలి. ఒక కంపెనీ లాన్యార్డ్ ఇంకో కంపెనీ రిగ్‌లో పెట్టిస్తానని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. వింగ్‌సూట్‌ని మళ్లీ జనంలోకి తెచ్చిన పాట్రిక్ డి గయార్డాన్ 1998 ఏప్రిల్ 13న హవాయిలో చనిపోయింది సూట్ వల్ల కాదు, కంటైనర్‌కి చేసుకున్న మార్పులో దొర్లిన రిగ్గింగ్ పొరపాటు వల్ల.

మార్డ్ ప్యాక్ చేయడం తెలిసిన రిగ్గర్ (రిజర్వ్ ప్యాక్ చేసే నిపుణుడు) కావాలి. మామూలు రిజర్వ్ ఎన్ని వందలు ప్యాక్ చేసినా, ఆ ప్రత్యేక సిస్టమ్ మాన్యువల్ ప్రకారం చేయకపోతే లాన్యార్డ్ దారి తప్పుతుంది. అప్పుడు కటవేలో పనిచేయకపోవడం ఒక్కటే కాదు, మెయిన్ రాని సందర్భంలో విడిచిపెట్టాల్సిన కొక్కెం విడవకపోవడం ఇంకా పెద్ద ప్రమాదం. అమెరికాలో రిజర్వ్ రీప్యాక్ (విప్పి మళ్లీ మడవడం) గడువు 180 రోజులు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి గడువు దాటిపోతే దాన్ని దండగ అనుకోకండి, ఎలాగూ విప్పాల్సిందే కాబట్టి కింద చెప్పే పరీక్ష ఉచితంగా దొరికినట్టే.

రిగ్గర్‌తో ముందే మాట్లాడుకుని సూట్, గ్లవ్‌లు, హెల్మెట్ అన్నీ తీసుకెళ్లండి. జిప్‌లన్నీ వేసుకుని నిలబడండి. ఒకరు మెయిన్ రైజర్లని పైకి, వెనక్కి గట్టిగా పట్టుకోవాలి. మీరు చూసి, పట్టుకుని, కటవే మాత్రమే లాగండి. ఏ రైజర్ ముందు విడిచింది, ఆర్‌ఎస్‌ఎల్ పిన్ లాగిందా, రైజర్ పట్టుకున్న మనిషి వెనక్కి నడుస్తుంటే లాన్యార్డ్ ఫ్రీబ్యాగ్‌ని బయటికి తెచ్చిందా, ఈ మూడూ చూడాలి. తర్వాతి రీప్యాక్‌కి కటవే ముట్టుకోకుండా రిజర్వ్ హ్యాండిల్ ఒక్కటే లాగండి. ఈసారి పైలట్ చూట్ గట్టిగా ఎగరాలి, బ్రైడల్ లాగితే మార్డ్ లాన్యార్డ్ తేలికగా విడిపోవాలి. పైలట్ చూట్ బద్ధకంగా లేచిందంటే లూప్ పొడవో, స్ప్రింగో రిగ్గర్ చూడాలి. రిజర్వ్ లాగడానికి పట్టే బలం 22 పౌండ్లు మించకూడదు, స్ప్రింగ్ త్రాసు తగిలించి కొలవమనండి.

గాలిలో నిర్ణయం ఎత్తు, అంటే కటవే చేయాలో వద్దో తేల్చేసుకోవాల్సిన ఎత్తు విషయం. యూఎస్‌పీఏ విద్యార్థులకీ, మొదటి మెట్టు "ఏ" (A) లైసెన్స్ వాళ్లకీ 2,500 అడుగులు, "బీ" నుంచి "డీ" లైసెన్స్ దాకా 1,800 అడుగులు అంటుంది. సూట్‌తో ఉన్నప్పుడు ఏ లైసెన్స్ ఉన్నా 2,500 పెట్టుకోండి. కాళ్లు కట్టేసి ఉంటాయి కాబట్టి ట్విస్ట్‌లు తన్ని విప్పడం నెమ్మది, తిరుగుడు మొదలైతే అసలు కుదరదు. మెయిన్ నిటారుగా ఎగురుతూ ట్విస్ట్‌లుంటే విప్పుతూ ఉండొచ్చు. ముక్కు కిందికి పెట్టి తిరుగుతుంటే మాత్రం ఆ ఎత్తు దాకా కూడా ఆగకండి.

ఆర్‌ఎస్‌ఎల్ షాకిల్ తీసేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి: ఇంకొకరి కానపీతో చుట్టుకుపోయి, ఎత్తు ఉండి, ఎవరు ముందు కటవే చేయాలో మాట్లాడుకున్నప్పుడు, ఈదురు గాలిలో దిగి కానపీ ఈడ్చుకుపోతుంటే కటవే చేయడానికి ముందు. నేల మీద షాకిల్ తీయకుండా కటవే లాగితే మార్డ్ నిక్షేపంగా పనిచేసి రిజర్వ్‌ని కూడా అదే గాలికి అప్పజెప్తుంది. షాకిల్ ట్యాబ్ ఎక్కడుందో, సూట్ భుజం బట్ట దాన్ని కప్పుతోందో లేదో చేత్తో తడిమి అలవాటు చేసుకోండి. హెల్మెట్ మీద కెమెరా, ఫ్లైసైట్ (వేగం చెప్పే జీపీఎస్ పరికరం) పెట్టేవాళ్లయితే ఒక లాగుడుతో ఊడే గడ్డం పట్టీ పెట్టించుకోండి. మార్డ్ రిజర్వ్‌ని త్వరగా తెస్తుంది కాబట్టి తల దగ్గర లైన్ తగులుకుంటే తీసుకునే సమయం కూడా తక్కువే.

ఇక అమ్మేవాళ్లని అడగాల్సినవి. రిజర్వ్ డేటా కార్డ్ ఫొటో, ఎన్ని రీప్యాక్‌లు, ఎన్నిసార్లు గాలిలో వాడారు. పర్ఫార్మెన్స్ డిజైన్స్ రిజర్వ్ అయితే 40 ప్యాక్‌లకి లేదా 25 వాడకాలకి తనిఖీ కోసం కంపెనీకి పంపాలి. అది దగ్గరపడిందంటే ధరలో తగ్గించమనండి. ఏఏడీ తయారైన తేదీ, మిగిలిన ఆయుష్షు. కంటైనర్ సీరియల్ నంబర్ తీసుకుని తయారీదారుకే మెయిల్ పెట్టి, దానికి మార్డ్ చేర్చడం కుదురుతుందా, ఎంతవుతుంది, ఎన్ని వారాలు పడుతుంది అని రాతలో తెప్పించుకోండి. కుదరదంటే ఆ రిగ్ వదిలేయండి. కుదురుతుందంటే మెయిన్ బ్రైడల్, పైలట్ చూట్, రైజర్ హౌసింగ్‌లు, డీ రింగ్ ఖర్చు కూడా కలిపి కూడండి. ఆ మొత్తం పక్కన పెట్టి చూస్తే మార్డ్ ఉన్న రెండో రిగ్ అంత ఖరీదుగా కనిపించకపోవచ్చు. సీరియల్ నంబర్ ఇవ్వడానికి అమ్మేవాళ్లు నసుగుతుంటే డబ్బు మాత్రం పంపకండి.